తుమ్మలకుదురులో క్రిముల ఊచకోత

కమిషనర్ గారూ, మీరు హంతకులు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ పేరయ్య గారూ, మీరు కూడా. మీ వెనక జీపుల్లో వచ్చి, ముక్కుకి కర్చీఫు అడ్డం పెట్టుకుని, ఫొటో దిగి వెళ్ళిన పెద్దలంతా కూడా. పట్టపగలు, పోలీసు బందోబస్తు మధ్య, బ్యాండుమేళం పెట్టి మరీ చంపారు. చచ్చినవాళ్ళ లెక్క నా దగ్గర లేదు. కళ్ళకి ఆనని ప్రాణాలు కాబట్టి శవాల్ని చూపించమంటే చూపించలేను. కానీ అవి బతికుంటే ఈపాటికి రోశమ్మ పొయ్యి మీద ఇడ్లీ ఉడుకుతుండేది. ఉడకడం లేదు. నా సాక్ష్యం అదే.

సంగతి తెలియనివాళ్ళ కోసం మొదట్నుంచీ చెబుతాను.

మా తుమ్మలకుదురు పురపాలక సంఘానికి ఊరి చివర మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. ఊరు కడుక్కున్నదీ, వదిలించుకున్నదీ అంతా అక్కడికే చేరుతుంది. నీళ్ళు తేరుకుని వాగులో కలుస్తాయి. అడుగున మిగిలే నల్లటి చిక్కటి మడ్డిని ఇన్నేళ్ళూ ట్రాక్టర్లకెత్తి మా కాల్వకట్ట కాలనీ వెనక గుమ్మరించారు. ఆ కంపులోనే మేం పెళ్ళిళ్ళు చేసుకున్నాం, అందులోనే పిల్లల్ని పెంచుకున్నాం. ధర్నాలు చేసి చేసి గొంతులు పోయాక పైనుంచి ఒక పథకం దిగింది. ఆ మడ్డిని గాలి చొరని పెద్ద ట్యాంకులో మూసిపెడితే లోపలుండే క్రిములు దాన్ని తిని గ్యాసు వదులుతాయట. ఆ గ్యాసుని పైపుల్లో మా కాలనీ పొయ్యిలకే ఇస్తారట. మిగిలిన పిప్పి పొలాలకి ఎరువట.

మంచి పథకం. ప్రభుత్వాన్ని పొగిడే అలవాటు లేని నోటితో చెబుతున్నాను, మంచి పథకం. ఊళ్ళో ఎవడూ ముట్టుకోని పనిని క్రిములు చేస్తామని ముందుకొచ్చాయి. వాటికి జీతం అక్కర్లేదు, పండగ సెలవు అక్కర్లేదు. గాలి తగలనివ్వకుండా, జోలికి రాకుండా ఉంటే చాలు.

ఆ జోలికి రాకుండా ఉండడం దగ్గరే మన పరిపాలన బోర్లాపడింది.

ట్యాంకు ఇంకా కడుతుండగానే కాలనీలో షామియానా వేశారు. దాని పేరు సిలిండర్ సమర్పణోత్సవం. ప్రారంభోత్సవం నాటికి కాలనీ నూటికి నూరుపాళ్ళు బయోగ్యాస్ కాలనీ అయి ఉండాలని పథకంలో రాశారట. కాబట్టి ఇళ్ళలో ఉన్న గ్యాసు సిలిండర్లు ముందే తెచ్చి అప్పగించాలి. మా రోశమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీ బండి నడుపుతుంది. మొగుడు పోయాక ఆ బండి మీదే ఇంటిల్లిపాదినీ సాకుతోంది. ఆమె సిలిండరుని ఒడిలో బిడ్డలా పట్టుకుని కూర్చుంది.

"గ్యాసు వచ్చినాక ఇస్తాం గదా సారూ. ముందే ఎందుకంట?"

కమిషనర్ వేదాచలం గారు మైకు సవరించుకున్నారు. "అమ్మా, ఒక లబ్ధిదారు ఏకకాలంలో రెండు ఇంధన సదుపాయాలను అనుభవించుట మార్గదర్శకాలకు విరుద్ధం. మీ త్యాగాన్ని పట్టణం గుర్తుంచుకుంటుంది."

"పట్టణం గుర్తుపెట్టుకుంటే నా ఇడ్లీ ఉడుకుద్దా?"

జనం నవ్వారు. కమిషనర్ గారూ నవ్వారు. ఆమె భుజాన శాలువా కప్పి, చేతిలోంచి సిలిండరు తీసుకున్నారు. సాయంత్రానికి కాలనీ మొదట్లో 'పొగరహిత కాలనీ' అని బోర్డు కూడా లేచింది. అంటే కట్టెల పొయ్యి వెలిగించినా తప్పే.

సరే, ఓర్చుకున్నాం. ట్యాంకు లేచింది. గుండ్రంగా, పొట్ట ఉబ్బినట్టు ఉంటుంది కాబట్టి కాలనీవాళ్ళు దాన్ని బాన అన్నారు. దాన్ని నడపడానికి కంపెనీ తరఫున తన్వీర్ బాషా అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. బక్కపలచటి మనిషి. ఎదుటివాడు గట్టిగా మాట్లాడితే తడబడతాడు. కానీ బాన విషయంలో మాత్రం బాలింతకి పథ్యం పెట్టినట్టు ఉండేవాడు. మొదట పేడనీళ్ళు పోయించాడు. తర్వాత కొంచెం కొంచెంగా మడ్డి వదిలాడు. ఎవరైనా మూత వైపు చూస్తే చాలు, అడ్డం నిలబడేవాడు.

"తియ్యొద్దండీ. గాలి తగిలితే అవి బతకవు."

"ఏం చేస్తన్నాయి బాబూ లోపల?" అని అడిగింది రోశమ్మ.

"తింటున్నాయక్కా."

"తిననీ, తిననీ. తిని అరాయించుకుంటేనే గదా మనకి మంట."

ఒక ఉదయం పైపు బుసబుసమంది. రోశమ్మ అగ్గిపుల్ల గీస్తే పొయ్యి మీద నీలం మంట లేచింది. కాలనీ అంతా వచ్చి నిలబడి చూసింది. మొదటి వాయి దించి ఆమె తన్వీర్ చేతిలో పెట్టింది. ఊరి మురుగుతో ఉడికిన ఇడ్లీ అది. మల్లెపువ్వులా ఉంది. తన్వీర్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఏడ్చాడో, కారప్పొడి ఎక్కువైందో నేను అడగలేదు. ఇంట్లో వండిన ఇడ్లీతో రోశమ్మ బండి మళ్ళీ బస్టాండుకి కదిలింది. ఆ నాలుగు పూటలే మా కాలనీ చరిత్రలో స్వర్ణయుగం.

తర్వాత పేపర్లో వార్త వచ్చింది. వార్త చూసి కమిషనర్ గారు తనిఖీకి బయల్దేరారు.

మా ఊళ్ళో పెద్దాఫీసరు వస్తున్నాడని ఎవరూ ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. రోడ్డుకి రెండు పక్కలా తెల్లగీత కనిపిస్తే చాలు. అది బ్లీచింగు పొడి. గీత సన్నంగా ఉంటే తాసిల్దారు, లావుగా ఉంటే కలెక్టరు, గీత పక్కన ముగ్గు కూడా ఉంటే మంత్రి. రోడ్డు పక్క గుంటలో చచ్చిన కుక్కని తీస్తారో లేదో గానీ దాని మీద బ్లీచింగు మాత్రం పడుతుంది. ఈ విద్యలో మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ పేరయ్య గారిని మించినవాడు జిల్లాలో లేడు. ఆయన దుర్మార్గుడు కాడు. నిష్ఠాగరిష్ఠుడు, అదే ప్రమాదం.

ఆయన శుద్ధి కేంద్రానికి వచ్చి, బానలోకి మడ్డి వెళ్ళే తొట్టి చూసి గుండె పట్టుకున్నాడు. నల్లగా, చిక్కగా, బుడగలు కక్కుతూ ఉంది.

"ఓరి నాయనా! ఇది సారుకి చూపిస్తారా? నా ఉద్యోగం ఉంచుదామనుకున్నారా, ఊడపీకుదామనుకున్నారా?" అని చెయ్యి ఊపాడు. ట్రాక్టరు మీంచి బ్లీచింగు బస్తాలు దిగాయి, వాటి వెనక ఫినాయిలు డబ్బాలు.

తన్వీర్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, సార్! పొయ్యొద్దు! అందులో క్రిములున్నాయి!"

"అందుకేగా అబ్బాయ్ పోసేది!"

"అవి ఉండాలి సార్! అవే గ్యాసు చేసేది!"

పేరయ్య గారు అతన్ని జాలిగా చూశాడు. "చూడబ్బాయ్. నేను సర్వీసులో చేరినకాడి నుంచీ క్రిముల్ని చంపతానే ఉండా. జీతమిచ్చేదే దానికి. ఇప్పుడొచ్చి ఉండాలంటావేంది?"

బస్తాలు విప్పారు. నల్లటి మడ్డి తెల్లబడింది. బుడగలు ఆగిపోయాయి. పేరయ్య గారు తృప్తిగా తలపంకించి పైన కాస్త గులాబీ సెంటు కూడా చల్లించాడు.

కమిషనర్ గారు దిగారు. "గ్యాసు చూపించండి" అన్నారు.

"కనిపించదు సార్," అన్నాడు తన్వీర్.

"కంటికి కనిపించని ఉత్పత్తిని నేను ఏ విధంగా ధ్రువీకరించాలి? మూత తెరిపించండి."

"గాలి తగిలితే..."

"పారదర్శకత అన్నది ఈ ప్రభుత్వ విధానం తన్వీర్ గారూ."

మూత తెరిచారు. పారదర్శకత కొరకు చాలాసేపు తెరిచే ఉంచారు. ఎవరో హారతి పళ్ళెం వెలిగించి తేబోతే తన్వీర్ దాని మీద పడి ఆర్పేశాడు. లేకపోతే ఆ రోజే పురపాలక సంఘం మొత్తం ఆకాశమార్గాన పోయేది. పోలేదు. ఈ ఒక్క విషయంలో తన్వీర్ని నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేకపోతున్నాను.

మర్నాడు పైపు బుసకొట్టలేదు. రోశమ్మ అగ్గిపుల్లలు గీసి గీసి పెట్టె ఖాళీ చేసింది. మడ్డీ అక్కడే ఉంది, బానా అక్కడే ఉంది. తినేవాళ్ళే లేరు.

ఇక్కణ్ణుంచి జరిగిందంతా క్రమశిక్షణతో జరిగింది, గమనించండి. గ్యాసు ఆగిందని కమిషనర్ గారు జిల్లాకి నివేదించారు. ఎందుకు ఆగిందో చూడడానికి జిల్లా అధికారి వస్తున్నారు కాబట్టి గీత లావైంది, బస్తాలు పెరిగాయి. ఆయన మూత తీయించి చూసి, ఆగిన మాట వాస్తవమేనని రాసి వెళ్ళాడు. అది చూసి ప్రాంతీయ అధికారి వచ్చాడు. ఇంకా బస్తాలు. తన్వీర్ ఒక్కొక్కరు వెళ్ళాక ఒక్కొక్కసారి కొత్తగా పేడనీళ్ళు పోసి క్రిముల్ని సాకేవాడు. అవి కాస్త కళ్ళు తెరిచేసరికి, ఇంకా ఎందుకు గ్యాసు రావడం లేదని ఇంకొకరు దిగేవారు. గ్యాసు రాకపోతే తనిఖీ. తనిఖీ అయితే బ్లీచింగు. బ్లీచింగు పడితే గ్యాసు రాదు. ఈ యంత్రం మాత్రం ఎక్కడా ఆగకుండా తిరిగింది.

చివరికి తన్వీర్ ధైర్యం తెచ్చుకుని కౌన్సిలు సమావేశంలో లేచాడు. "క్రిముల్ని చంపకపోతే చాలండీ. అవి మనవి," అన్నాడు.

కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు.

"తన్వీర్ గారూ, క్రిమిరహిత పట్టణంగా పోయిన ఏడాది మనకు పురస్కారం వచ్చింది. ఈ పురపాలక సంఘం క్రిములను స్వయంగా పోషించుచున్నదని మినిట్సులో రాయమంటారా?"

ఒక కౌన్సిలరు అందుకున్నాడు. "అధ్యక్షా, ఊళ్ళో దోమల్ని చంపలేకపోతన్నాం, పందుల్ని పట్టలేకపోతన్నాం. ఇప్పుడు కొత్తగా క్రిముల్ని కూడా మేపాలా? మా వార్డుకి పంచితే మేం ఒప్పుకోం!"

చర్చ చాలా లోతుగా జరిగింది. క్రిములు స్థానికులా, బయటినుంచి వచ్చినవా అని ఒకరు అడిగారు. చివరికి తీర్మానం చేశారు: ఇకమీదట బ్లీచింగు పొడిని చెడ్డ క్రిముల మీద మాత్రమే చల్లవలెను.

పేరయ్య గారు నిజాయితీగా చెయ్యెత్తాడు. "ఏది మంచిదో ఏది చెడ్డదో ఎట్టా తెలుసుద్ది సార్?"

"విచక్షణతో," అన్నారు కమిషనర్ గారు.

పేరయ్య గారు విచక్షణతో చల్లాడు. అంటే పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి.

అయినా గ్యాసు రాలేదు కాబట్టి తప్పెవరిదో తేలాలి. అధికారులది కాదు, వాళ్ళు తనిఖీ చేశారు. పేరయ్య గారిది కాదు, ఆయన శుభ్రం చేశాడు. ఇక మిగిలింది క్రిములే. వాటికి సంజాయిషీ నోటీసు తయారైంది. 'మీకు అప్పగించబడిన జీర్ణక్రియా బాధ్యతల నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం వహించినందున మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలసినది.' అందుకునేవాళ్ళు నిరాకరిస్తే తలుపుకి అంటించాలనేది పద్ధతి. బానకి అంటించారు. గడువు దాటినా జవాబు రాలేదు. జవాబు రాలేదంటే నేరం ఒప్పుకున్నట్టే.

ఈలోగా రోశమ్మ బండి చక్రాలకి బూజు పట్టింది. ఆమె ఇంటి వెనక మూడు ఇటుకలు పెట్టి చితుకులు వెలిగిస్తే, పొగ నివారణ దళం వచ్చి నీళ్ళు కొట్టిపోయింది. నీళ్ళు పొయ్యిలోనే కాదు, పిండి గిన్నెలోనూ పడ్డాయి. ఆ గిన్నె పట్టుకునే ఆమె ఆఫీసుకి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"నా సిలిండరు నాకియ్యండి సారూ. మీ గ్యాసు వచ్చినప్పుడు మళ్ళా తెచ్చిస్తా. శాలువా గూడా తీసుకోండి, ఇదిగో."

"సిలిండరు తిరిగి ఇచ్చినచో ప్లాంటు విఫలమైనట్లు మేమే అంగీకరించినట్లగును కదమ్మా. ప్రస్తుతం ప్లాంటు పరిశీలన దశలో ఉన్నది."

"నా పొట్ట ఏ దశలో ఉందో ఎవురు పరిశీలిస్తారు?"

కమిషనర్ గారు ఇంకో ఫైలు తెరిచారు. ఫ్యాను తిరిగింది.

అప్పుడు మంత్రిగారు వస్తున్నారని కబురొచ్చింది. ప్లాంటు ప్రారంభించి, నీలిజ్యోతి వెలిగిస్తారట. మా ఊరు తెల్లబడింది. కాల్వకట్ట నుంచి బాన దాకా మంచు పడ్డట్టు బ్లీచింగు. మా పిల్లలు దగ్గుతూ ముగ్గులు తొక్కారు. బానకి రంగు వేశారు, బంతిదండ కట్టారు. తన్వీర్ ఒక మూల నేల మీద కూర్చుని బానకేసి అదేపనిగా చూస్తున్నాడు.

వేదిక మీద కుచ్చులు కుట్టిన పట్టుగుడ్డ కప్పిన బల్ల. బల్ల మీద కొత్త పొయ్యి. మంత్రిగారు అగ్గిపుల్ల గీయగానే భగ్గున నీలం మంట! చప్పట్లు. బాన చచ్చి పడి ఉందని తెలిసిన మేం నోళ్ళు తెరిచాం.

రోశమ్మ తెరవలేదు. ఆమె ఆ రోజు నిరసనకని ఇడ్లీ పాత్ర పట్టుకుని వచ్చింది. అందులో పిండి పోసిన రేకులు సిద్ధంగా ఉన్నాయి. జనాన్ని తోసుకుంటూ మెట్లెక్కి ఆ పాత్రని నీలిజ్యోతి మీద పెట్టింది. పోలీసులు కదిలారు. మంత్రిగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగండయ్యా! మన ఆడపడుచు వండుకుంటోంది. పథకమంటే ఇదీ!"

ఆవిరి లేచేదాకా అందరూ నిలబడ్డారు. ఆ సందులో రోశమ్మ పట్టుగుడ్డ పైకెత్తింది. కింద సిలిండరు. దాని మెడ దగ్గర పచ్చరంగుతో ఆమె స్వయంగా వేసుకున్న పువ్వు గుర్తు.

"ఇది నాదే! నా సిలిండరే ఇది!"

కమిషనర్ గారు మైకు అందుకున్నారు. "ఈ గ్యాసు నాదే, నాదే అంటూ లబ్ధిదారు పట్టరాని ఆనందంలో ఉన్నారు!" బ్యాండువాళ్ళకి సైగ చేశారు. తర్వాత ఆమె అరిచిందంతా సన్నాయిలో కలిసిపోయింది. మంత్రిగారు ఇడ్లీ తిని, "అద్భుతం. వాసనే లేదు," అన్నారు.

మర్నాడు అన్ని పేపర్లలో ఆమె ఫొటో. పొయ్యి, పాత్ర, పక్కన ఇడ్లీ తింటున్న మంత్రిగారు. రోశమ్మ మళ్ళీ ఆఫీసుకి పోతే కమిషనర్ గారు ఆ ఫొటోనే ముందుకు జరిపారు.

"మీరు వండారు. మంత్రిగారు భుజించారు. రాష్ట్రమంతా చూసింది. ఇప్పుడు గ్యాసు లేదంటే మంత్రిగారు తిన్నది ఏమిటమ్మా?"

"నా సిలిండరుతో వండా సారూ."

"అది ప్రస్తుతం ప్రభుత్వ ప్రదర్శన సామగ్రి."

ప్రదర్శన ఆ రోజుతో ఆగలేదు. విజయం సాధించిన ప్లాంటు కాబట్టి అన్ని పురపాలక సంఘాలూ చూడ్డానికి వస్తున్నాయి. బస్సుల్లో వస్తున్నారు. బస్సు బస్సుకీ బ్లీచింగు. రోశమ్మకి నమూనా లబ్ధిదారు అని బిళ్ళ ఇచ్చారు. కబురంపినప్పుడల్లా వెళ్ళి, తన పిండితో, తన సిలిండరు మీద, వచ్చినవాళ్ళకి ఇడ్లీ వండిపెట్టాలి. బస్సు వెళ్ళగానే సిలిండరు స్టోరుగదిలోకి పోతుంది, రోశమ్మ ఇంటికి పోతుంది. ఇంట్లో పొయ్యి వెలగదు. అత్యంత పరిశుభ్రమైన బయోగ్యాస్ ప్లాంటుగా బానకి అవార్డు కూడా వచ్చింది. తప్పు పట్టలేం. అందులో ఒక్క క్రిమి కూడా లేదు.

నిన్న మళ్ళీ బస్సు వచ్చింది. రోశమ్మ వెళ్ళలేదు. బిళ్ళ తీసి పారేసి, బండిని తోసుకొచ్చి ప్లాంటు రోడ్డుకి అడ్డంగా పెట్టింది. దాని ముందు కూర్చుంది. చూస్తుండగానే కాలనీ ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ చేరారు.

"ఒక్కడు గూడా లోపలికి పోబాకండి," అంది. "పోయి చూస్తే చచ్చిపోతన్నాయి. చూడబాకండి, అంతే."

పేరయ్య గారు వచ్చి తల గోక్కున్నాడు. "సార్ చర్చలకి వస్తన్నారమ్మా. కొంచెం జరగండి, గీత వేసుకోవాలి."

"అన్నా, గీత వేస్తే నీ చెయ్యి ఇరగ్గొడతా."

తన్వీర్ మెల్లగా చెప్పాడు. బాన అడుగున కొన్ని ఇంకా మిగిలే ఉంటాయట. మూసేసి, వేళకి మేత పెట్టి, మనుషులు దూరంగా ఉంటే మెల్లగా అవే తేరుకుంటాయట.

అందుకే ఇది రాస్తున్నాను. పోరాడేవాళ్ళు మామూలుగా అధికారులు రావాలని డిమాండు చేస్తారు. మా డిమాండు మీరు రావద్దని. చర్చలకి రావద్దు. పరామర్శకి రావద్దు. విచారణ సంఘం వెయ్యొద్దు, వేస్తే అది తప్పకుండా వచ్చి చూస్తుంది. ఇటు బయల్దేరిన బ్లీచింగు ట్రాక్టరుని వెనక్కి తిప్పండి. స్టోరుగది తాళం తీసి రోశమ్మ సిలిండరు ఈ రోజే, నిండుగా, ఆమె బండి దగ్గరకి పంపండి. మిగతా కాలనీవాళ్ళవి కూడా. పైపులో గ్యాసు మళ్ళీ వచ్చేదాకా వాటిని ఎవడూ అడగకూడదు. ప్లాంటు గేటుకి తాళం వేసి తాళంచెవి తన్వీర్ చేతిలో పెట్టండి.

ఆ తర్వాత మీరు ఏమీ చెయ్యకండి. మా రోడ్ల విషయంలో, మా మంచినీళ్ళ విషయంలో, మా ఆసుపత్రి విషయంలో ఇన్నేళ్ళుగా ఎంత దీక్షతో ఏమీ చెయ్యకుండా ఉన్నారో, బాన విషయంలో కూడా అంతే దీక్షతో ఉండండి.